గరిటెలు లెక్కపెట్టి, పప్పులు పారబోసి

నాకు కోపం ఓడిపోయినందుకు కాదు. గెలుపులూ ఓటములూ బోలెడు చూశాను. నేనేసిన ఓటు నన్నడక్కుండా లేచి వెళ్లి అవతలి మనిషి ఒళ్లో కూర్చుందే, అందుకు. అదీ మా అల్లుడు రాసిన రూలు ప్రకారం, మేం కలిపిన పులిహోర తింటూ, నా కళ్లముందే.

మేముండేది న్యూజిలాండ్‌లో, హామిల్టన్ ఊరికి ఉత్తరపు కొసన, రోటోటూనాలో. కూతురు, అల్లుడు, మనవరాలు, నేను. ఈ ఇంట్లో నా మీద ఉన్న ఫిర్యాదులు రెండే. బ్రెడ్డు కవర్లు కడిగి తీగ మీద ఆరేస్తానట, మనిషి లేని గదిలో లైటు వెలిగితే అరుస్తానట. రెండూ నిజమే. ఇకముందు కూడా చేస్తాను. దండగ చేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది అన్నమైనా సరే, కరెంటైనా సరే.

నా చదువు ఐదో తరగతి మధ్యలో ఆగిపోయింది. తెలుగు పేపరు కూడబలుక్కోకుండానే చదువుతాను, ఇంగ్లీషులో బస్సు మీద బోర్డు చదువుతాను, అంతే. ఓటు మాత్రం ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. ఒంగోలు దగ్గర మా ఊరి బడిలో, ఎండలో, చెంగు నెత్తిన వేసుకుని నిలబడి వేశాను. ఇక్కడికొచ్చి రెసిడెంటునయ్యాక, పౌరసత్వం లేకపోయినా ఓటిస్తారని తెలిసి ఇక్కడా వేశాను. ఇక్కడా బడిలోనే పెట్టారు. బయట ఎవరో సాసేజీలు కాలుస్తుంటే ఆ పొగకు ముక్కు మూసుకుని లోపలికెళ్లాను. కాగితం మీద రెండు టిక్కులు పెట్టమన్నారు. ఒకటి మన ఏరియా మనిషికి, ఒకటి పార్టీకి. పార్టీకి వేసిన టిక్కు దేశం మొత్తం కుప్పలో కలుస్తుందని, ఆ కుప్పను బట్టే పార్లమెంటులో ఎవరికెన్ని కుర్చీలో పంచుతారని మనవరాలు చెప్పింది. వేలికి సిరా పెట్టలేదు. ఇంటికొచ్చేదాకా వేలు చూసుకుంటూనే ఉన్నాను, ఏదో పని సగంలో వదిలేసి వచ్చినట్టు.

ఇక అసలు సంగతి. ఈ ఊళ్లో మనవాళ్లకు ఒక తెలుగు సంఘం ఉంది. ఊరి కౌన్సిల్ వాళ్ల హాలును గురువారం రోజంతా అద్దెకు తీసుకుంటుంది. సాయంత్రం పిల్లల డాన్సులు, పెద్దల బాడ్మింటన్. పొద్దున పూట మాది, అంటే ముసలివాళ్లది. పదింటికి చేరతాం. కాసేపు పాడతాం, కాసేపు పోట్లాడుకుంటాం, తలా ఒకటి వండి తెస్తాం. మధ్యాహ్నం యూనివర్సిటీ పిల్లలు, హామిల్టన్ ఈస్ట్‌లో ఫ్లాటుకు అయిదారుగురు చొప్పున సర్దుకుని బతికేవాళ్లు, క్లాసుకూ క్లాసుకూ మధ్య వచ్చి తిని పోతారు. గిన్నెలు వాళ్లే కడగాలి. కడగని పిల్లాడికి మరుసటి వారం పెరుగు వెయ్యను.

అక్కడికి పక్కనున్న కేంబ్రిడ్జ్ ఊరి నుంచి బస్సెక్కి ఒకావిడ వచ్చేది. కరీంనగర్ మనిషి. నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. భర్త పోయాక కొడుకు తెచ్చుకున్నాడు. కొడుకూ కోడలూ షిఫ్టులు, పిల్లలకు ఇంగ్లీషే. మొదట్లో ఆవిడ హాల్లో గోడ పక్కన కూర్చుని కూర కలుపుకోవడం తప్ప నోరు విప్పేది కాదు. పలకరిస్తే కళ్లు తుడుచుకునేది. నెమ్మది మీద ఆ నోరు తెరుచుకుంది. తెరుచుకున్నాక మమ్మల్నెవర్నీ మాట్లాడనివ్వలేదు, అది వేరే సంగతి. "గీ గురువారం లేకుంటె నేనెప్పుడో పిచ్చిదాన్నైతుంటి వదినా," అని ఆవిడే అన్నది ఒకసారి, వంకాయలు తరుగుతూ, నవ్వకుండా.

ఆ గురువారం పోగొట్టారు. ఎలా పోగొట్టారో చెప్పాలనే ఇదంతా.

అంతకు ముందు ఏడాది సంఘం ఎన్నికల్లో ఈస్ట్ నుంచి కుర్రాళ్లు వ్యాన్లలో వచ్చి ఓట్లేశారు. అందరూ సభ్యులే, అందరూ చందా కట్టినవాళ్లే. అయినా రోటోటూనాలో సొంతిళ్లు కట్టుకున్న కుటుంబాలకు అది రుచించలేదు. ఇవాళ ఉండి రేపు ఆక్లాండ్ పోయే స్టూడెంట్లు మన సంఘాన్ని నడుపుతారా అన్నారు. ఆంధ్రా, తెలంగాణా అని పాత గొడవ కూడా కొంచెం పొగ రేపింది. అప్పుడు మా అల్లుడు లేచాడు. న్యూజిలాండ్ రాకముందు న్యూజెర్సీలో ఉద్యోగం చేశాడు. మనవరాలు పుట్టింది అక్కడే. ఆయనకు అమెరికాలో ట్రాఫిక్ లైటు కూడా గొప్పే.

"అమెరికాలో ఇంతకన్నా పెద్ద గొడవలున్నాయి. అయినా వాళ్లు ఎంత పద్ధతిగా సాల్వ్ చేసుకున్నారో చూడండి," అని బోర్డు మీద గీసి చూపించాడు. మనిషికొక ఓటు ఉంటుంది, కానీ లెక్క ఏరియాల వారీగా. ప్రతి ఏరియాకూ ముందు రెండేసి పాయింట్లు సమానంగా, ఆపైన కుటుంబాలను బట్టి మరికొన్ని. రోటోటూనాకు ఏడు, హామిల్టన్ ఈస్ట్‌కు అయిదు, కేంబ్రిడ్జ్‌కు నాలుగు. ఏ ఏరియాలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ ఏరియా పాయింట్లన్నీ వాళ్లవే. తొమ్మిది వస్తే గెలుపు.

"ఎవ్వరూ ఎవ్వర్నీ వ్యాన్లతో ముంచెయ్యలేరు," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. భోజనాల టైమైంది, వంకాయ కూర చల్లారిపోతోంది. నాకు అర్థం కాలేదు, అర్థమైనవాళ్లెవరూ మాట్లాడలేదు.

అర్థమైంది సెప్టెంబరులో, మా వంటింట్లో. మనవరాలికి పద్దెనిమిది నిండాయి. పుట్టుకతో అమెరికా పౌరురాలు కాబట్టి అక్కడి అధ్యక్షుడి ఎన్నికలో ఓటుందట. ఎక్కడున్నా సరే, ఆఖరున కాపురమున్న రాష్ట్రంలో, అంటే న్యూజెర్సీలో లెక్కేస్తారట. ఓటు కాగితం ఈమెయిల్లో వస్తే ప్రింటు తీసుకుని బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. అది తెలుగు బాగానే అర్థం చేసుకుంటుంది, మాట్లాడేటప్పుడే సగం ఇంగ్లీషు. నేను బియ్యం ఏరుతూ, నువ్వు వేసే ఓటు ఎవరికి పోతుందో చెప్పమన్నాను.

"ప్రెసిడెంట్‌కి డైరెక్ట్‌గా పోదు అమ్మమ్మా. ప్రెసిడెంట్‌కి వోట్ వేసే మనుషులకి పోతుంది. ఎలక్టర్స్ అంటారు."

"మధ్యలో వాళ్లెందుకు? నీకు చేతుల్లేవా?"

"వెయిట్, చూపిస్తా." లేచి మూడు గిన్నెలు తెచ్చింది. నా డబ్బాల్లోంచి శనగపప్పు, మినప్పప్పు పిడికెళ్లతో తీసి గిన్నెల్లో కలిపేసింది. నా ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఏరాల్సింది ఎవరు? ఆ తర్వాత సొరుగులోంచి గరిటెలూ స్పూన్లూ తీసి ఒక్కో గిన్నె ముందు కొన్ని పెట్టింది. పెద్ద గిన్నెకు ఎక్కువ, చిన్నదానికి తక్కువ.

"గిన్నె అంటే స్టేట్. పప్పులు అంటే జనం వోట్లు. గరిటెలు అంటే ఎలక్టోరల్ వోట్లు. స్టేట్‌కి కింది సభలో ఎంతమంది మెంబర్స్ ఉంటే అన్ని గరిటెలు, ప్లస్ సెనేట్‌కి రెండు. సెనేట్ రెండు అందరికీ సేమ్. కాలిఫోర్నియాకి యాభై నాలుగు. మన న్యూజెర్సీకి పద్నాలుగు. వయోమింగ్ అని చిన్న స్టేట్, దానికి మూడే."

"మరి ఆ మూడు గరిటెలవాళ్లను పెద్దవాళ్లు తొక్కేయరూ?"

"రివర్స్ అమ్మమ్మా. జనాన్ని బట్టి చూస్తే అక్కడ మనిషికి వచ్చే ముక్క కాలిఫోర్నియా మనిషి కన్నా పెద్దది. ఆ రెండు ఫ్రీగా వచ్చాయి కదా."

పెద్ద గిన్నె నా ముందుకు జరిపింది. "దీన్లో శనగపప్పు కొంచెం ఎక్కువ ఉంది అనుకో. ఒక్క పప్పు ఎక్కువున్నా చాలు. గరిటెలన్నీ శనగపప్పు పార్టీకే." గరిటెలన్నీ ఊడ్చి ఒక పక్క పెట్టింది. అలాగే మూడు గిన్నెలూ. "అన్ని స్టేట్లూ, క్యాపిటల్ సిటీ కలిపి అయిదు వందల ముప్పై ఎనిమిది గరిటెలు. రెండు వందల డెబ్బై వస్తే ప్రెసిడెంట్. రెండు స్టేట్లు మాత్రం గరిటెల్ని కొంచెం పంచుకుంటాయి, మిగతావన్నీ ఇలాగే. నవంబర్‌లో జనం వేస్తారు. డిసెంబర్‌లో ఆ ఎలక్టర్స్ ఎవరి స్టేట్‌లో వాళ్లు కలిసి వేస్తారు. జనవరిలో వాళ్ల పార్లమెంట్‌లో కౌంట్ చేస్తారు."

"ఎవరికీ రెండు వందల డెబ్బై రాకపోతే?"

"అప్పుడు కింది సభ డిసైడ్ చేస్తుంది. స్టేట్‌కి ఒక్క వోట్. కాలిఫోర్నియాకీ ఒకటే, వయోమింగ్‌కీ ఒకటే."

నేను గిన్నెల వంక చూశాను. గరిటెలు లేచి వెళ్లిపోయాయి. పప్పులు అక్కడే ఉన్నాయి, కలిసిపోయి, ఎవరికీ పట్టకుండా.

"మరి పప్పులేమయ్యాయే?"

"అంటే?"

"ఇంత పప్పు పోశావు. దీన్నెవరు లెక్కపెడతారు?"

"లెక్కపెడతారు, టీవీలో చెప్తారు కూడా. కానీ గెలుపు మాత్రం గరిటెలతోనే."

"మొత్తం మీద పప్పులు ఎక్కువొచ్చినవాడు ఓడిపోవచ్చా?"

"ఓడిపోయారు అమ్మమ్మా. చాలాసార్లు కాదు గానీ అయింది. నేను పుట్టాక కూడా ఒకసారి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపినవాళ్లకు కూడికలు రావా అన్నాను. అది ఊరుకుంటుందా! "ఇండియాలో మాత్రం? సీట్లు కదా కౌంట్ చేసేది. నీ సీట్లో నువ్వు వేసినవాడు ఓడిపోతే నీ పప్పు ఎక్కడికి పోయింది?" అంది. అన్నేళ్లు ఎండలో నిలబడి వేశాను గానీ ఆ మాట ఎప్పుడూ తోచలేదు. అయితే అక్కడ ఓడిపోయిన నా ఓటు ఓడిపోయి ఊరుకుంది. ఇక్కడి తిరకాసు వేరు. రాష్ట్రానికి గరిటెలు ఇచ్చేటప్పుడు నన్నూ ఒక మనిషిగా లెక్కపెట్టి ఇస్తారు. ఆ గరిటెలు తీసుకెళ్లి నేను వద్దన్నవాడి చేతిలో పెడతారు. నా బరువు కూడా వాడి తూకంలోకే!

అప్పుడే అల్లుడు కాఫీ కోసం వచ్చాడు. ఓటు కాగితం చూసి నవ్వాడు.

"దీనికి పోస్టేజీ కూడా దండగ, బేటా. న్యూజెర్సీ ఎటు పడుతుందో అందరికీ తెలిసిందే. నీ ఒక్క వోటు వేసినా అంతే, వెయ్యకపోయినా అంతే. అక్కడ ఎలక్షన్ అంతా ఎటూ తేలకుండా ఊగే నాలుగైదు స్టేట్లలోనే."

అది కాగితం తీసి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతం కింద పెట్టేసింది.

"ఆగండి బాబూ," అన్నాను. "ఈ గిన్నెలూ గరిటెలేనా మీరు సంఘానికి పెట్టింది?"

"అదేనండీ అత్తయ్యగారూ, సేమ్ మోడల్," అన్నాడు. నాకు అర్థమైనందుకు ఆయనకు సంతోషం. మనిషి చెడ్డవాడు కాదు. నాకు మోకాళ్ల నొప్పులని బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ తనే బిగించాడు. కానీ తను గీసిన బోర్డు మీద గీతకు అవతల మనుషులుంటారని తోచదు.

అక్టోబరులో సంఘం ఎన్నిక వచ్చింది. పోటీ ఇద్దరికి. ఒకామె ఈస్ట్‌లో ఉండే నర్సు, గురువారాలు ఎప్పటిలాగే ఉంటాయంది. రెండో ఆయన రోటోటూనా మనిషి, హైదరాబాదీ, సాయంత్రం బాడ్మింటన్ ఆడించేది ఆయనే. పొద్దున పూట హాలు వదిలేస్తే అద్దె మిగులుతుందని, దాంతో ఆదివారం ఇంకో కోర్టు తీసుకుందామని, యూత్‌కు మేలని ఆయన లెక్క. పెద్దవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు కలుసుకోవచ్చట. మిగలడం, మిగల్చడం నాకు చెప్తున్నాడు! బ్రెడ్డు కవరు కడిగి దాచేదాన్ని నేను. పనికొచ్చేదాన్ని పారేసి మిగిల్చానంటే దాన్ని పొదుపు అనరు.

ఓట్లు వెయ్యడానికి డబ్బాలు కావాలని అల్లుడు అడిగితే, నేను కడిగి దాచిన ఐస్‌క్రీం డబ్బాలు మూడు నేనే ఇచ్చాను. వాటి మూతలకు చీలిక కోసి రోటోటూనా, హామిల్టన్ ఈస్ట్, కేంబ్రిడ్జ్ అని అతికించాడు. చీటీలు వేశాం. ఈస్ట్ కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో ఎవరికీ పెళ్లీ పిల్లలూ లేరు, గురువారం పులిహోర మాత్రం ఉంది. వదిన కేంబ్రిడ్జ్ నుంచి కొడుకు కుటుంబంతో కారులో వచ్చింది. చీటీ మడత మీద మడత పెట్టి, ఎవరికీ కనపడకుండా, ఏదో బంగారం దాస్తున్నట్టు డబ్బాలో వేసింది.

ఎన్నికల అధికారి అల్లుడే. లెక్కపెట్టి మైకులో చెప్పాడు. "రోటోటూనా, ఏడు పాయింట్లు, మన బాడ్మింటన్ కెప్టెన్‌గారికి. హామిల్టన్ ఈస్ట్, అయిదు, సిస్టర్‌గారికి. కేంబ్రిడ్జ్, నాలుగు, కెప్టెన్‌గారికి. పదకొండు, అయిదు. కంగ్రాట్యులేషన్స్!"

ఈలలు, చప్పట్లు. వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఏమైంది వదినా? ఆమె ఓడిపోయిందా?"

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ కిర్రుమంది. "పప్పులెన్నో చెప్పండి," అన్నాను.

హాలంతా నవ్వింది. వంట గురించి అడుగుతున్నాననుకున్నారు. ఎవరో "పప్పు కాదు ఆంటీ, సాంబార్!" అని కేక వేశాడు. మనవరాలు లేచింది. "టోటల్ వోట్స్ అడుగుతోంది. ఏరియాలు కాదు, మనుషులు."

"అత్తయ్యగారూ, రూలు ప్రకారం పాయింట్లే అనౌన్స్ చెయ్యాలి."

"రూలు అడగలేదు బాబూ. ఎంతమంది అని అడిగాను. మీరు లెక్కపెట్టారు కదా, చెప్పడానికేం?"

మైకు పక్కకు పెట్టి గొణిగాడు. మైకులోనే చెప్పమన్నాను. చెప్పాడు. రోటోటూనాలో ఆయనకు ముప్పై ఒకటి, నర్సమ్మాయికి ఇరవై తొమ్మిది. కేంబ్రిడ్జ్‌లో ఆయనకు పదకొండు, ఆమెకు పది. ఈస్ట్‌లో ఆయనకు ఆరు, ఆమెకు ముప్పై అయిదు. కుర్రాళ్లలో ఎవరో ఫోన్లో కూడి అరిచారు. ఆమెకు డెబ్బై నాలుగు, ఆయనకు నలభై ఎనిమిది.

హాల్లో అంత మంది ఉండి, చాలా ఎక్కువమంది ఒక మనిషిని కోరుకుని, రెండో మనిషి మెళ్లో దండ వేస్తున్నారు. రోటోటూనాలో ఇరవై తొమ్మిదిమందిమి ఆయన్ను వద్దన్నాం. మా పేరుతో వచ్చిన ఏడు పాయింట్లూ ఆయనకే. ఈస్ట్‌లో ముప్పై అయిదుమంది వేస్తే వచ్చింది అయిదు. ఏడుగురు వేసి ఊరుకున్నా వచ్చేది ఆ అయిదే. మిగతా పిల్లలు బస్సు చార్జీ పెట్టుకుని ఎందుకొచ్చినట్టు? పులిహోరకా?

గెలిచినాయన మంచిగానే మాట్లాడాడు, నవ్వుతూ. "ఆంటీ, బాడ్మింటన్ చూస్తారా? అందులో కూడా మొత్తం పాయింట్లు చూడరు. మూడు గేముల్లో రెండు ఎవరు గెలిస్తే వాళ్లే విన్నర్. ఒక గేములో చిత్తుగా ఓడినా పర్లే. గేమ్ అంటే గేమే కదా ఆంటీ?"

"ఆటలో ఓడినవాడు ఇంటికెళ్లి స్నానం చేసి పడుకుంటాడు నాయనా. మా వదిన గురువారం పొద్దున ఎక్కడికి పోవాలో చెప్పు."

"చూద్దాం ఆంటీ, ఏదో ఒకటి చేద్దాం," అన్నాడు.

వదిన నా చెంగు లాగింది. "కూసో వదినా. నీకు తెల్వదు. మా ఇంట్ల నాలుగు ఓట్లు. మూడు ఆయనకే పడ్డయ్. కొడుకు బాడ్మింటన్ ఆడతడు. నాదొక్కటే ఇటు. గది గూడ ఆయన లెక్కల్నే కలిసిపోయిందా?"

"కలిసిపోయింది వదినా."

"అట్లెట్ల?" అంది. కొడుకు కారు తీసుకొస్తే తల వంచుకుని వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

అంతటితో అయినా నా కోపం ఆగేదేమో. గిన్నెలు తెచ్చుకుందామని హాలు వంటగదిలోకి వెళ్లాను. మా అమ్మాయి, మరో ఇద్దరు రోటోటూనా ఆడవాళ్లు సమోసాలు ప్లేట్లలో సర్దుతున్నారు. "ఎవరు గెలిచారమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు.

"నువ్వు ఓటెయ్యలేదా?"

"ఎలాగూ రోటోటూనా ఆయనదే అన్నారు కదమ్మా అందరూ. పాయింట్లన్నీ అటే పోతాయి, నా ఒక్క చీటీ ఏం చేస్తుంది? ఇక్కడ సమోసాలు చల్లారిపోతున్నాయని..."

మిగతా ఇద్దరూ తలలూపారు. వాళ్లూ వెయ్యలేదు. ముగ్గురూ నర్సమ్మాయివైపే. ముగ్గురూ పది అడుగులు నడిచి ఆ ఐస్‌క్రీం డబ్బాలో మూడు చీటీలు వేసి ఉంటే రోటోటూనా మాది. ఏడు పాయింట్లూ మావి. వదిన గురువారం వదినకు ఉండేది.

కూతుర్ని అంతమందిలో ఎప్పుడూ అరవలేదు. ఆ రోజు అరిచాను. "అన్నం మెతుకు పారేస్తే నిన్ను చిన్నప్పుడు గోడకుర్చీ వేయించాను. ఓటు పారేస్తే ఏం చెయ్యమంటావు నన్ను? పాయింట్లు పెట్టింది మీ ఆయన. పారబోసింది నువ్వు. ఇద్దరూ కలిసి బాగా చేశారు సంసారం!" సమోసాలు నిజంగానే చల్లారిపోయాయి. ఎవరూ తినలేదు.

ఇంటికొచ్చేటప్పుడు కారు మనవరాలు డ్రైవ్ చేసింది. ఇంటికొచ్చాక అది ఫ్రిజ్ మీద ఓటు కాగితం తీసింది. బల్ల దగ్గర కూర్చుని చెయ్యి అడ్డం పెట్టుకుని నింపింది. కవరులో పెట్టి సంతకం చేసింది.

అల్లుడు చూశాడు. "రిజల్ట్ ఏమీ మారదు, బేటా."

"తెలుసు డాడ్," అంది. "కిచెన్‌లో అమ్మ కూడా ఇదే అంది."

ఆయన మొహం చూడాలి అప్పుడు. నేను అనవలసింది అది అనేసింది.

మర్నాడు పోస్టు కౌంటరున్న షాపుకు దానితో పాటు నేనూ వెళ్లాను. కవరు దాని చేతిలోంచి కౌంటరు మీదికి పోయేదాకా కదల్లేదు. ఎవరికి వేశావని అడగలేదు, అది చెప్పలేదు. నవంబరులో న్యూజెర్సీ ఎటు పడుతుందన్నారో అటే పడింది. పద్నాలుగు గరిటెలూ అటే. అయినా అక్కడ లెక్కపెట్టిన పప్పుల్లో మా ఇంటి పప్పు ఒకటుంది. అది వేసినవాడు గెలిచినా ఓడినా, ఆ మొత్తంలో ఒకటి తగ్గితే మా వల్ల తగ్గలేదు.

నా గురువారం మాత్రం నేను వదల్లేదు. ఎన్నిక జరిగిన వారమే అల్లుడి ఎదుట నిలబడి గరాజ్ తాళం అడిగాను.

"ఎందుకండీ అత్తయ్యగారూ?"

"పెద్దవాళ్లు ఇళ్లలో కలుసుకోవచ్చన్నారు కదా మీ కెప్టెన్‌గారు. రోటోటూనా పాయింట్లన్నీ మీరు తీసుకున్నారు. రోటోటూనా గరాజ్ మాకిచ్చేయండి."

"మరి కారు?"

"బయట పెట్టుకోండి. వానకు కరిగిపోయే కారు కొనలేదు కదా."

మా అమ్మాయి తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. కుర్రాళ్లు వచ్చి గరాజ్ ఊడ్చి, పాత తివాచీ పరిచారు. కుర్చీలు చాలకపోతే పెయింటు డబ్బాలు బోర్లించి దిండ్లు వేశాను. వదినకు ఇంకో బస్సు మారాల్సి వచ్చింది. మొదటి గురువారం వస్తుందో రాదో అని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వచ్చింది. సంచీలో సర్వపిండి. గడప దగ్గర నిలబడి గరాజంతా కలియజూసి, "గిదేంది వదినా, గాడిద కొట్టంల వెట్టినవ్ మమ్ముల," అంది. ఆ మాట విని నేను కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడే ఉన్నాను.

హాలు వెచ్చగా ఉండేది. గరాజ్ చల్లగా ఉంటుంది. హీటరు పెట్టనివ్వను, శాలువాలు కప్పుకోమంటాను. నర్సమ్మాయి సెలవున్న గురువారం వస్తుంది. ఆమెకు పదవి లేదు, డెబ్బై నాలుగుమంది మాత్రం ఉన్నారు.

మొన్న ఒక గురువారం వంట సగంలో ఉండగా డ్రైవ్‌వేలో కారు ఆగింది. బాడ్మింటన్ ఆయన. పక్క సీట్లోంచి ఒక పెద్దావిడను దింపాడు, కొత్త స్వెట్టరు, బెదురు చూపులు. ఆయన తల్లి, వచ్చి వారం కాలేదట.

"ఆంటీ, ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మాట్లాడేవాళ్లు లేక ఏడుస్తోంది. గురువారాలు ఇక్కడ దింపొచ్చా?"

ఎంత మాట వచ్చిందో నోటిదాకా! ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, అల్లుడు కూర్చునే మంచి కుర్చీ వేసి, వదిన పక్కన కూర్చోబెట్టాను. వదిన అప్పుడే మొదలుపెట్టేసింది, "మీదే ఊరు అక్కా?" అని. నేను మళ్లీ బయటికొచ్చాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, లోపలికి రమ్మంటానేమోనని. అనలేదు.

"వచ్చే మీటింగులో ఆ పాయింట్లు తీసేయించు. మనిషిని మనిషిగా లెక్కపెట్టండి."

"మీ అల్లుడుగారి సిస్టమే కదా ఆంటీ," అని నవ్వాడు. నవ్వి, "చూద్దాం," అన్నాడు మళ్లీ.

చూద్దాం అన్నాడు. నేనూ చూస్తున్నాను. అల్లుడి కారు ఇంకా బయటే ఉంది.